రెండు సిరంజీలు, ఒక త్రీవే: ఇంట్లో జాకీ చేసుకోవడం, డిక్కీలో జాకీని దారిలో పెట్టుకోవడం

రెండు సిరంజీలకి ఒక ట్యూబు తగిలించి, నీళ్లు నింపి, ఒకటి నొక్కితే ఇంకోటి లేస్తుంది. స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి ఎప్పుడు వెళ్లినా రెండు మూడు టేబుళ్ల మీద ఇదే ఉంటుంది, ఐస్‌క్రీమ్ పుల్లలతో ఒక క్రేను, వెనక చార్టు మీద ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ బొమ్మ. "ఎంత బరువు లేపుతుందమ్మా?" అని అడిగితే మాత్రం పిల్లలు టీచర్ వైపు చూస్తారు, టీచర్ చార్టు వైపు చూస్తారు. మా మేనకోడలు ఇదే ప్రాజెక్టు పట్టుకొచ్చినప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే: బొమ్మ ఎలా ఉన్నా ఫర్వాలేదు, లెక్క మాత్రం తూచి చూపించాలి. దాంతో రెండు రోజులు కూర్చున్నాం, వంటింటి కాటా కూడా మా దగ్గరే ఉండిపోయింది. తీరా చూస్తే నా కారు డిక్కీలో రెండేళ్లుగా సతాయిస్తున్న జాకీ జబ్బేంటో కూడా అక్కడే తెలిసింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

ముందు సామాను. మెడికల్ షాపులో 10 ఎంఎల్ సిరంజీ ఒకటి, 50 ఎంఎల్ ఒకటి, కొత్తవే తీసుకోండి, వాడినవి ఎవరిచ్చినా వద్దు. సూదులు అక్కడే తీయించేయండి. 50 ఎంఎల్‌లో రెండు రకాలుంటాయి. ముక్కు లావుగా ఉండేది గొట్టం ద్వారా ఆహారం పెట్టడానికి, అది మనకి పనికిరాదు. "లూయర్ లాక్ కావాలి" అని అడిగితే చిన్న ముక్కుది ఇస్తారు. దాంతోపాటే ఎక్స్‌టెన్షన్ ఉన్న త్రీవే ఒకటి. ఆసుపత్రిలో సెలైన్ లైన్ మధ్యలో చిన్న నల్లాలాంటిది తిప్పుతుంటారు చూడండి, అదే. అక్వేరియం షాపులో గాలి పంపుకి వేసే సన్న ట్యూబు ఒక అర మీటరు. వెడల్పు తక్కువగా ఉండే సన్న చెక్క ఒకటి, దాని మధ్యలో పెద్ద సిరంజీ గొట్టం పట్టేంత రంధ్రం. గొట్టం కిందికి వేలాడాలి, పైన చెవులు చెక్క మీద ఆనాలి. ఆ చెక్కని రెండు స్టూళ్ల మీద వేస్తే స్టాండ్ అయిపోయింది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు, వైశాల్యం కొలవడం. స్కేలు పెట్టి సిరంజీ బయటి వ్యాసం కొలుస్తారు, గోడ మందం కూడా అందులో కలిసిపోతుంది, వ్యాసంలో చిన్న తప్పు వర్గం చేసేసరికి పెద్ద తప్పవుతుంది. అసలు వ్యాసం కొలవాల్సిన పనే లేదు. సిరంజీ మీద గీతలున్నాయి కదా. సున్నా నుంచి 10 ఎంఎల్ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. ఘనపరిమాణాన్ని పొడవుతో భాగిస్తే వైశాల్యం, ఎందుకంటే ఒక ఎంఎల్ అంటే ఒక ఘనపు సెంటీమీటరే. మా చిన్నదాంట్లో 10 ఎంఎల్‌కి 6 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 1.67 చదరపు సెంటీమీటర్లు. పెద్దదాంట్లో 50 ఎంఎల్‌కి 8.3 సెంటీమీటర్లు, అంటే దాదాపు 6. రెండింటి నిష్పత్తి 3.6. మీ కంపెనీ సిరంజీకి అంకెలు కొంచెం తేడాగా వస్తాయి, మీవే వాడుకోండి.

ఈ 3.6 ఎక్కడ పనికొస్తుందంటే: చిన్న పిస్టన్ మీద (బళ్లో పుస్తకంలో ముషలకం అని రాసి ఉంటుంది, ఆ మాట నేను బడి బయట ఇంతవరకూ వినలేదు) ఒక కేజీ బరువుతో నొక్కారనుకోండి. ఆ కేజీ 1.67 చదరపు సెంటీమీటర్ల మీద పడింది కాబట్టి నీళ్లలో పీడనం చదరపు సెంటీమీటరుకి 0.6 కేజీ. మూసి ఉన్న నీళ్లలో ఒకచోట పెంచిన పీడనం అన్నిచోట్లా అంతే పెరుగుతుంది, ట్యూబు వంకర తిరిగినా, సన్నగా ఉన్నా సరే. పాస్కల్ చెప్పింది ఇదే, ద్రవాల మీద ఆయన రాసిన పుస్తకం ఆయన పోయాక, 1663లో అచ్చయింది. పెద్ద పిస్టన్ కింద కూడా అదే 0.6, కాకపోతే అక్కడ చదరపు సెంటీమీటర్లు ఆరున్నాయి, కాబట్టి 3.6 కేజీలు. పీడనం ఎక్కడా పెరగలేదు గమనించండి, అది ఆనే చోటు పెరిగింది. "మామయ్యా, అంటే 0.6 ఎక్కువా తక్కువా?" అని అడిగింది మా పిల్ల. కారు టైరుకి గాలి పట్టించేటప్పుడు 32 అంటాం కదా, అది ఈ కొలతలో 2.25. అంటే మనం సిరంజీలో పెట్టింది టైరులో ఉన్న దాంట్లో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ.

నీళ్లు నింపడం దగ్గర తొందర పడకండి, సగం ప్రాజెక్టులు ఇక్కడే చెడిపోతాయి. నీళ్లు ఒకసారి మరిగించి చల్లార్చండి, లేకపోతే నీళ్లలో కరిగిన గాలి కాసేపటికి ట్యూబు గోడలకి ముత్యాల్లా పట్టుకుంటుంది. రంగు కావాలంటే ఇంకు రెండు చుక్కలు, కుంకుమ మాత్రం వేయకండి, కరగదు, అడుక్కి దిగి ముక్కులో అడ్డుపడుతుంది. బకెట్లో ముంచిపెట్టి నింపడం తేలిక. చిన్న సిరంజీలోకి నిండా లాగండి, ముక్కు పైకి పెట్టి వేలితో గోటి దెబ్బ కొట్టండి, నర్సు ఇంజెక్షన్ ముందు కొడుతుందే, అలా. బుడగ పైకి రాగానే నెట్టేయండి. ట్యూబు నీళ్ల లోపలే తగిలించండి. పెద్దదాని పిస్టన్ పూర్తిగా లోపలికి నెట్టి, దాని ముక్కు కూడా నీళ్లలోనే ఉంచి ట్యూబు రెండో కొస తొడగండి.

బుడగ ఉంటే ఏమవుతుందో ఒకసారి కావాలనే చూడండి, చూడకపోతే తర్వాత జాకీ సంగతి అర్థం కాదు. పెద్దదాన్ని అలాగే ఉంచి, చిన్న సిరంజీలో 8 ఎంఎల్ నీళ్లు, 2 ఎంఎల్ గాలి పెట్టండి. పెద్దదాన్ని కదలకుండా ఎవరినైనా గట్టిగా పట్టుకోమని చిన్నదాన్ని నొక్కండి. మెత్తగా, స్పాంజిలాగా దిగుతుంది, వదిలితే మళ్లీ పైకి తన్నుతుంది. చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ పీడనం పెట్టేసరికి ఆ 2 ఎంఎల్ గాలి ఒక ఎంఎల్ అయిపోతుంది, ఎందుకంటే మన చుట్టూ ఉన్న గాలి అప్పటికే ఒక కేజీ పీడనంతో ఉంది, ఇప్పుడు రెట్టింపయింది, గాలి సగమయింది. మీ వేలు నడిచిన దూరమంతా గాలిని నలపడానికే పోయింది, అవతల బరువు అంగుళం కూడా కదల్లేదు. నీళ్లని అలా నలపలేరు. వంద రెట్ల వాతావరణ పీడనం పెట్టినా నీళ్లు తగ్గేది నూటికి అర వంతు.

ఇక తూచడం. చిన్న సిరంజీని తలకిందులుగా పట్టుకోండి, పిస్టన్ తల వంటింటి కాటా మీద ఆనాలి, మీరు గొట్టాన్ని పట్టుకుని కిందికి నొక్కాలి. అప్పుడు మీరు ఎంత బలం పెడుతున్నారో కాటానే చెప్తుంది. సిరంజీ బరువు ముందే సున్నా చేసుకోండి. రెండు సిరంజీలూ ఒకే ఎత్తులో ఉండేలా చూడండి, 30 సెంటీమీటర్లు తేడా ఉంటే ఆ నీటి స్తంభం ఒక్కటే కాటాని 50 గ్రాములు మోసం చేస్తుంది. పెద్దదాని మీద బరువు ఎత్తుగా పేర్చకండి, మా పప్పు ప్యాకెట్లు మొదటిసారి బోర్లా పడి హాలంతా కందిపప్పు అయింది, మా అక్క ఇంకా అంటూనే ఉంది. పిస్టన్ తల మీద ఒక చిన్న కర్ర అడ్డంగా కట్టి రెండు వైపులా కావడిలాగా చెరో సంచీ వేలాడదీయండి, బరువు కిందుంటుంది కాబట్టి పడదు. సన్న చెక్క అన్నది ఇందుకే.

ముందు ఖాళీ కావడితో మెల్లగా నొక్కి, పెద్ద పిస్టన్ కదులుతున్నప్పుడు కాటా ఎంత చూపిస్తుందో రాసుకోండి. మాకు 520 గ్రాములు. బరువేమీ లేకుండానే అరకేజీ! పిల్ల మొహం చిన్నబోయింది, లెక్క తప్పిందనుకుంది. తప్పలేదు, అది రబ్బరు గొట్టాన్ని ఒరుసుకుంటూ తినేసే బలం. తర్వాత చెరో సంచీలో ఒక్కో కేజీ వేసి మళ్లీ నొక్కాం, 1,100. నేరుగా 2 కేజీలని 1,100 గ్రాములతో భాగిస్తే 1.8 రెట్లే వస్తుంది, చార్టు మీద రాసిన 3.6 అబద్ధమైపోతుంది. కానీ బరువు వల్ల పెరిగింది ఎంత? 1,100లోంచి 520 తీస్తే 580. లెక్క ప్రకారం రావాల్సింది 2,000 భాగించు 3.6, అంటే 556. వంటింటి కాటాతో ఇంత దగ్గరకి రావడం చాలు. ఈ తీసివేత ఒక్కటి చార్టు మీద రాయించండి, పక్క టేబుళ్లకీ మీ పిల్లల టేబుల్‌కీ తేడా అక్కడే కనిపిస్తుంది.

ఒరుపు తగ్గిద్దామని కొబ్బరి నూనె రాయాలనిపిస్తుంది. వద్దు. నూనె తగిలితే ఈ రకం రబ్బరు ఉబ్బుతుంది, పిస్టన్ ఇంకా బిగుస్తుంది. మెడికల్ షాపులోనే గ్లిసరిన్ దొరుకుతుంది, ఒక చుక్క చాలు. సిరంజీ విప్పినప్పుడు ఆ నల్ల రబ్బరు అంచు ఒకసారి చూడండి. అంచు గొట్టం గోడకి ఆని ఉంటుంది, లోపల పీడనం పెరిగేకొద్దీ ఇంకా ఆనుతుంది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కి (ద్రవం ఒత్తిడితో నొక్కే యంత్రానికి) పేటెంట్ తీసుకున్నాడు కానీ పిస్టన్ పక్కనుంచి నీళ్లు కారిపోవడం ఆయనకి పెద్ద తలనొప్పి, గట్టిగా బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే కారుతుంది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలుతో గిన్నెలాంటి వాషర్ చేశాడు, పీడనం పెరిగితే దానంతటదే బిగుసుకునేలా. తోలు పోయి రబ్బరు వచ్చింది, ఆలోచన మాత్రం అదే.

అంతా బాగానే ఉంది, కానీ చిన్న సిరంజీ మొత్తం నొక్కేసినా పెద్దది లేచింది ఒకటిన్నర సెంటీమీటరు చిల్లర. 10 ఎంఎల్ నీళ్లే కదా వెళ్లాయి, 6 చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే 1.67 సెంటీమీటర్లే లేస్తుంది. 3.6 రెట్లు బలం వచ్చింది, 3.6 రెట్లు ఎత్తు పోయింది. హైడ్రాలిక్స్‌లో ఊరికే ఏదీ రాదు, బలం కావాలంటే దూరం కట్టాలి, ఇంత చిన్న బొమ్మలోనూ పైసా తగ్గించరు. మరి కారుని అడుగు ఎత్తు ఎలా లేపుతున్నారు? ఒకే పెద్ద నొక్కు బదులు చిన్న నొక్కులు చాలా నొక్కుతారు, మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపుతారు. త్రీవే తెచ్చింది అందుకే.

ట్యూబు తీసేయండి. పెద్ద సిరంజీ ముక్కుని నేరుగా త్రీవే పై నోట్లో బిగించండి, పక్క నోట్లో చిన్న సిరంజీ అడ్డంగా, కింద ఎక్స్‌టెన్షన్ ట్యూబు కొసని నీళ్ల గిన్నెలో ముంచండి. త్రీవే మీటకి ఒకే కొమ్ము ఉంటే అది ఎటు చూపిస్తే అటు మూసినట్టు, మన ఇంటి నల్లాకి అలవాటు పడిన చెయ్యి మొదట తికమక పడుతుంది. కొమ్ము పెద్ద సిరంజీ వైపు తిప్పి చిన్నదాన్ని లాగండి, గిన్నెలోంచి నీళ్లొస్తాయి. కొమ్ము గిన్నె వైపు తిప్పి నొక్కండి, నీళ్లు పెద్దదాంట్లోకి వెళ్తాయి, బరువు లేస్తుంది. మళ్లీ పెద్దదాని వైపు తిప్పి లాగండి, బరువు పైనే నిలబడి ఉంటుంది, చెయ్యి వదిలేసినా. ఐదుసార్లు చేస్తే 50 ఎంఎల్, ఎనిమిది సెంటీమీటర్లు. దించాలంటే కొమ్ము చిన్న సిరంజీ వైపు తిప్పండి, బరువే నీళ్లని గిన్నెలోకి నెట్టుకుంటూ దిగుతుంది.

మీరు చేసింది జాకీయే. డిక్కీలో ఉండే సీసా ఆకారపు జాకీలో మీరు చేత్తో తిప్పిన పనిని రెండు చిన్న ఉక్కు గుండ్లు చేస్తాయి. హ్యాండిల్ లేపితే ఒక గుండు లేచి ఆయిల్ లోపలికొస్తుంది, నొక్కితే అది కూర్చుని రెండోది లేస్తుంది, ఆయిల్ రామ్ (కారుని లేపే లావు పిస్టన్) కిందికి పోతుంది. గిన్నె బదులు బయటి డబ్బాలోనే ఆయిల్ ఉంటుంది. కింద స్క్రూ విప్పితే కారు దిగుతుంది చూడండి, అది మీ మూడో తిప్పు.

అంకెలు వేసి చూద్దాం. పంపు పిస్టన్ వ్యాసం 12 మిల్లీమీటర్లు, రామ్ 30 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యాల నిష్పత్తి 6.25. హ్యాండిల్ గునపంలా పనిచేసి ఇంకో 12 రెట్లు ఇస్తుందనుకుందాం. మొత్తం 75. చేతితో 20 కేజీలు పెడితే ఒరుపు పక్కన పెట్టగా 1,500 కేజీలు. ఆయిల్‌లో పీడనం చదరపు సెంటీమీటరుకి 212 కేజీలు, టైరులో ఉన్నదానికి దాదాపు వంద రెట్లు. బదులుగా మీ చెయ్యి 24 సెంటీమీటర్లు దిగితే కారు లేచేది 3.2 మిల్లీమీటర్లు. చెమటలు పట్టేదాకా కొట్టడం అందుకే.

ఇప్పుడు నా జాకీ. రెండేళ్లక్రితం రాత్రిపూట హైవే మీద పంక్చర్. జాకీ పెట్టి కొడుతుంటే హ్యాండిల్ పైకీ కిందికీ ఊరికే ఊగుతోంది, కారు లేవదు. దార్న పోయే లారీ ఆయన ఆగి తన జాకీ వేసి సాయం చేశాడు. అప్పటినుంచి "ఆయిల్ అయిపోయిందేమో, సీల్ పోయిందేమో" అనుకుంటూ వాయిదా వేశాను. సిరంజీలో ఆ స్పాంజి నొక్కు చేతికి తగిలినప్పుడు వెలిగింది, ఇది గాలి అని. డిక్కీలో జాకీ ఎప్పుడూ పడుకుని దొర్లుతూ ఉండేది, ఆయిల్ ఒక పక్కకి జరిగి పంపులోకి గాలి పోయింది. పంపు గదిలో పట్టేదే రెండు ఎంఎల్ చిల్లర, అందులో ఒక ఎంఎల్ గాలి ఉంటే ప్రతి నొక్కూ ఆ గాలిని నలపడానికే చాలు, రెండో గుండు లేచేంత పీడనం ఎప్పటికీ రాదు.

గాలి తీయడానికి మెకానిక్ అక్కర్లేదు. జాకీని చదునుగా నిలబెట్టండి, బరువేమీ ఉండకూడదు. కింద దించే స్క్రూని ఒకటి రెండు చుట్లు వదులు చేసి రామ్‌ని పూర్తిగా లోపలికి నెట్టండి. పక్కన ఒక రబ్బరు బిరడా ఉంటుంది, ఆయిల్ పోసేది, దాన్ని తీయండి. స్క్రూ వదులుగానే ఉంచి హ్యాండిల్ గబగబా పది పదిహేనుసార్లు కొట్టండి, ఆయిల్ డబ్బాలోకే తిరుగుతూ గాలిని బుడగలుగా తోసేస్తుంది. రామ్ కిందకి ఉన్నప్పుడు ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి, తగ్గితే పోయండి. రామ్ పైకి ఉన్నప్పుడు నిండుగా పోసేస్తే దించేటప్పుడు ఆయిల్‌కి చోటుండదు, బిరడాలోంచి కక్కుతుంది. బిరడా పెట్టి, స్క్రూ బిగించి కొట్టి చూడండి. ఒకసారికి రాకపోతే ఇంకోసారి. నాది రెండోసారికి దారికొచ్చింది.

పోసేది హైడ్రాలిక్ ఆయిలే, జాకీ ఆయిల్ అని అడిగినా ఇస్తారు. ఇంట్లో మిగిలిన బ్రేక్ ఆయిల్ పోయకండి. పేరుకి ఆయిల్ అంటాం గానీ మామూలు బ్రేక్ ఆయిల్ ఈ నూనె జాతిదే కాదు, జాకీ సీళ్లు దానికి పాడైపోతాయి. అటుది ఇటు పోసినా అంతే, బ్రేకుల డబ్బాలో జాకీ ఆయిల్ పోస్తే బ్రేకు రబ్బర్లు ఉబ్బి బ్రేకులే పోతాయి. కొబ్బరి నూనె కథే.

గాలి తీసినా కారు మెల్లగా దిగిపోతుంటే అది వేరే జబ్బు. గుండు కింద మురికి చేరి ఉండొచ్చు, సీల్ అరిగి ఉండొచ్చు, లేదా దించే స్క్రూ సరిగా బిగియలేదు. ఏదైనా సరే, ఆ జాకీ కొత్తదైనా సరే, దాని మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టకండి. గుండు కింద చిన్న మురికి పలుకు చాలు కారు కిందికి రావడానికి. షెడ్డులో రెండు స్తంభాల లిఫ్టు కారుని లేపుతుంటే టక్ టక్ మని చప్పుడొస్తుంది విన్నారా, అది ఉక్కు పట్టీ మెట్టు మెట్టుకీ పడే చప్పుడు, ఆయిల్ మోసం చేసినా ఇనుము ఆపేలా. కారు పైకి వెళ్లాక దాన్ని ఆ మెట్టు మీద ఆనించాకే మెకానిక్ కిందికి వెళ్తాడు. ఇంట్లో మనకి ఆ పట్టీ ఉండదు, కాబట్టి కారు బరువు ఆనేలా కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. ట్రాక్టర్ ఆపేటప్పుడు కల్టివేటర్‌ని గాల్లో వదిలేయకుండా నేలకి దించమనేదీ ఇందుకే, ఇంజన్ ఆగాక లిఫ్టు జారొచ్చు, పిల్లాడు ఎవరైనా లివర్ తాకినా చాలు.

ఇంకోటి చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. ట్రాక్టర్‌కో, జేసీబీకో, పొక్లెయిన్‌కో (పొక్లెయిన్ అసలు ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, మన దగ్గర తవ్వే బండికే పేరైపోయింది) హోస్ పైపు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి వెతక్కండి. సూది మొన అంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, బయటికి చిన్న చుక్కలాగే ఉంటుంది, నొప్పి కూడా మొదట తక్కువే. అలా జరిగితే ఆయింట్‌మెంట్ రాసుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. కారే చోటు చూడాలంటే ముందు ఇంజన్ ఆపండి, పీడనం వదలండి, తప్పదనుకుంటే ఒక అట్ట ముక్కని దూరంగా పట్టుకుని చూడండి.

సిరంజీలతో ఆడేటప్పుడు కూడా ట్యూబు ఊడితే రంగునీళ్లు కంట్లో పడతాయి, మొహం పక్కకి పెట్టుకోమనండి. పని అయ్యాక నీళ్లు తీసి, పిస్టన్లు బయటికి లాగి ఆరబెట్టండి, లోపలే వదిలేస్తే రబ్బరు గొట్టానికి అతుక్కుని మర్నాడు కాటా రీడింగు వేరేగా వస్తుంది. జాకీ మాత్రం రామ్ పూర్తిగా దించి నిలువుగానే ఉంచాలి. నాది ఇప్పుడు డిక్కీ మూలన ఒక పాత పెయింట్ డబ్బాలో నిలబడి ఉంది, కదలకుండా చుట్టూ చిరిగిన టవల్ కుక్కాను.